ప్రభాకర్ అంకుల్, పేరు లేని సౌండ్ కార్డు

మొన్న ఫ్లూ టీకా కోసం జీపీ సర్జరీకి, అంటే మా డాక్టరు క్లినిక్కుకి, వెళ్ళాను. నర్సు తడి దూదితో నా భుజం తుడిచింది. ఆ స్పిరిట్ వాసన ముక్కుకు తగలగానే నా మనసు అక్కడ లేదు. సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బయటికొచ్చిందో తెలియలేదు. "అయిపోయింది, బాగానే ఉన్నారు కదా?" అని నర్సు రెండుసార్లు అడిగాక గాని తేరుకోలేదు. ఎవరికైనా ఆ వాసనకి ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక చర్చి హాలు, అందులో కిటికీ పక్కన మడత బల్ల, ఆ బల్ల ముందు రెండు కళ్ళజోళ్ళు మెడలో వేలాడేసుకుని కూర్చున్న ప్రభాకర్ అంకుల్ గుర్తొస్తారు. చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి పాత ఎలక్ట్రానిక్ బోర్డుల మీది మురికి తుడిచేవారాయన. తల్లి చంటిబిడ్డ చెవి వెనక తుడిచినంత నెమ్మదిగా.

ఆయన్ని నేను మొదటిసారి కలిసింది ఒక పాడైపోయిన మిక్సీ వల్ల. మేం ఇంగ్లండులోని రీడింగ్‌కి వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, కాంట్రాక్టు మీద. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ ఒక శుక్రవారం ఇడ్లీపిండి మధ్యలో ఆగిపోయింది. శనివారం పొద్దున చర్చి హాల్లో పాత సామాన్లు ఉచితంగా బాగుచేస్తారని, అక్కడ మన తెలుగాయన ఒకరు ఉంటారని ఎవరో చెబితే సంచిలో వేసుకుని వెళ్ళాను. "ఏమైందమ్మా?" అన్నారు. "మోటార్ కాలిపోయింది అంకుల్," అన్నాను. ఆయన మిక్సీని ముట్టుకోలేదు. "ఏమైందీ అని గదా నేనడిగింది. నువ్వేమో ఎందుకైందో చెబుతున్నావ్. కాలిన వాసన వచ్చిందా?" రాలేదన్నాను. "పొగ?" అదీ లేదు. "మరి కాలిందని ఎవరు చెప్పారు?" ఆయన మిక్సీని తలకిందులు చేసి, అడుగున ఉన్న చిన్న ఎర్ర బటన్ చూపించి, "నొక్కు," అన్నారు. నొక్కాను. ప్లగ్గు పెడితే మిక్సీ రయ్యిమని తిరిగింది. "పిండి గట్టిగా ఉంటే మోటార్ తనంతట తను ఆగుద్ది. కాస్త నీళ్ళు పొయ్యమ్మా, అంతే," అని నవ్వారు. చుట్టూ ఉన్న ఇంగ్లీషువాళ్ళు కూడా నవ్వారు. నాకు ఎంత సిగ్గేసిందో, అంత ఇష్టమూ కలిగింది. మరుసటి శనివారం మిక్సీ లేకుండానే వెళ్ళాను. ఆ తర్వాత ఐదేళ్ళు దాదాపు ప్రతి శనివారం వెళ్ళాను.

ఆయనది బాపట్ల దగ్గర పల్లె. కుర్రతనంలో రేడియోలు బాగుచేసేవారు. భార్య రూత్ ఆంటీకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చారు. మొదట్లో వృద్ధులని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేసి, తర్వాత ఒక ఆసుపత్రిలో యంత్రాలు మరమ్మతు చేసే విభాగంలో చేరి, అక్కడే రిటైరయ్యారు. ఆ రోజుల ముచ్చట్లు అడిగితే తప్ప చెప్పేవారు కాదు. ఒక్కటి మాత్రం రెండు మూడుసార్లు చెప్పారు. గుండె కొట్టుకోవడాన్ని చూపించే మిషన్ ఒకటి ఉండుండి తప్పు అంకె చూపించేదట. ఈయన దగ్గరికొస్తే మాత్రం బుద్ధిగా పనిచేసేదట. బాగైందని సంతకం పెట్టమని పైఅధికారి తొందరపెట్టాడు. "కారణం తెలియలేదు అని కాయితం మీద రాసి, మిషన్‌ని పక్కన పెట్టేశానమ్మా. మేనేజర్‌కి కోపమొచ్చింది. వస్తే వచ్చింది, మిషన్‌కి రాలేదుగా!" అని పెద్దగా నవ్వేవారు. పదకొండు రోజుల తర్వాత లోపల వెంట్రుకవాసి పగులు దొరికిందట. దొరికినందుకు గాక, ఆ పదకొండు రోజులూ తెలియదన్న మాట మీద నిలబడినందుకు ఆయన గర్వపడేవారని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ఎందుకంటే నేను దానికి సరిగ్గా వ్యతిరేకం. ఈ దేశం వచ్చిన కొత్తలో మీటింగుల్లో నా ఉచ్చారణ విని ఒకరిద్దరు "ఏమన్నారు?" అని అడిగేవారు. అది తప్పుగా అడిగింది కాకపోయినా నాకు గుచ్చుకునేది. తడబడితే పని రాదనుకుంటారని భయం. అందుకని ఏది అడిగినా ఠక్కున, గట్టిగా జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాను. సగంసార్లు సరిపోయేది. సరిపోని సగం ఎవరికి తగిలిందో నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు. చూడాల్సిన రోజు మార్గరెట్ రూపంలో వచ్చింది.

మార్గరెట్‌కి అప్పటికే ఎనభై ఏళ్ళు ఉంటాయి. ఒక శనివారం బిస్కెట్ల రేకుడబ్బా తెచ్చి అంకుల్ ముందు పెట్టింది. అందులో మెత్తటి గుడ్డలో చుట్టిన ఒక పాత కంప్యూటర్ కార్డు ఉంది. జానెడున్నర పొడవు. ఒక అంచున బంగారు రంగు పళ్ళు, ఒక చివర స్పీకర్ తగిలించే గుండ్రటి రంధ్రం, దాని పక్కన శబ్దం పెంచే చిన్న చక్రం. ఎక్కడా కంపెనీ పేరు లేదు. రెండు పెద్ద చిప్పుల మీది అక్షరాలని తయారుచేసినవాళ్ళే గీకేశారు. ఇంకో చిప్పు నడుమ కాగితం అతికించి ఉంది, దాని మీద పెన్నుతో ఏదో అంకె.

"మా అబ్బాయి కోలిన్ పుట్టుకతోనే మాట్లాడలేడు," అని చెప్పింది మార్గరెట్. "వాడు టైపు చేస్తే కంప్యూటర్ మాట్లాడేది. వాడు పోయి పాతికేళ్ళు దాటింది. కంప్యూటర్ని అప్పుడే ఎవరికో ఇచ్చేశాం. మొన్న అటక సర్దుతుంటే ఇది దొరికింది. మాట్లాడింది ఇదేనా? లేక వాడి తమ్ముడు ఆటలాడుకున్న కంప్యూటర్లోదా? అది తెలిస్తే చాలు నాకు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం డబ్బా మూతని వదలడం లేదు.

అంకుల్ చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "తెలియదు. చూద్దాం," అన్నారు. మార్గరెట్ వెళ్ళాక కార్డుని నా చేతిలో పెట్టారు. "ఇంటికి తీసుకెళ్ళమ్మా. కాయితం మీద బొమ్మ గియ్యి. కంటికి కనబడింది మాత్రం రాయి. ఇంకేం చెయ్యబాక."

నేను బొమ్మ గీయలేదు. ఫోన్‌తో ఫోటోలు తీసి, పాత కంప్యూటర్ సామాన్లు సేకరించేవాళ్ళ ఇంటర్నెట్ ఫోరమ్‌లో పెట్టాను. ఒక చిప్పు నంబరు కనబడటం లేదని ఆ కాగితం ముక్క కూడా గోటితో ఊడదీశాను. కింద గుండ్రటి గాజుబిళ్ళ, దాని లోపల మెరుస్తూ చదరపు గడి కనిపించాయి. అందంగా ఉందనిపించి దానికీ ఫోటో తీసి, కార్డుని వంటగది కిటికీ గట్టు మీద పెట్టాను. గంటలోపే ఒకాయన జవాబిచ్చాడు: ఆటల్లో సంగీతం వాయించే కార్డు, చవక నకలు, విలువలేనిది. నాకు అది చాలు. జవాబు దొరికిందన్న సంతోషంలో ఆ వారమంతా కార్డు వైపు మళ్ళీ చూడనే లేదు.

తర్వాతి శనివారం అంకుల్ రావడం ఆలస్యమైంది. రూత్ ఆంటీ డ్యూటీ వేళలు మారి, ఆమెని డ్యూటీకి దింపి రావాల్సొచ్చింది. మార్గరెట్ ముందే వచ్చి కూర్చుంది. నేను ఆగలేదు. "ఇది ఆటల కార్డండీ. మీవాడిది కాదు," అని చెప్పేశాను, బహుమతి అందిస్తున్నంత ధీమాగా. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. "సరే," అంది. "శ్రమ తీసుకున్నారు. ఇంక నాకు అక్కర్లేదు, పారేయండి." కోటు బొత్తాలు పెట్టుకోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. డబ్బా కూడా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

అంకుల్ వచ్చాక జరిగింది చెప్పాను. ఆయన అడిగింది ఒకటే. "ఆ ఫోరమ్మాయన ఈ కార్డుని చూశాడా?"

"ఫోటో చూశాడంకుల్."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"అయితే కళ్ళు మూసుకుని చెప్పు. చిప్పులెన్ని?"

నాలుగో ఐదో అన్నాను. ఏడున్నాయి. ఆయన కార్డుని చేతిలోకి తీసుకున్నారు. ఆ గాజుబిళ్ళ కనబడగానే వేలితో దాన్ని మూసేశారు. "దీని మీద కాయితం ఏమైంది?" ఆ గొంతులో కోపం లేదు, కంగారు ఉంది. ఆయన కంగారుపడటం నేను చూడటం అదే మొదలు. ఊడదీసి కిటికీలో పెట్టానని చెప్పాను. ఆయన సొరుగులోంచి నల్ల టేపు తీసి ముందు ఆ బిళ్ళ మీద అతికించారు. ఆ తర్వాత చెప్పారు. ఆ చిప్పులో ఉన్న సమాచారాన్ని చెరపాలంటే ఆ గాజుబిళ్ళ గుండా అతినీలలోహిత కాంతి పంపిస్తారట. ఎండలోనూ ఆ కాంతి ఉంటుంది. వారంపాటు మంచి ఎండ తగిలితే అందులో ఉన్నదంతా పోవచ్చు. చెరిగిపోకుండా కాపాడుతున్నది ఆ కాగితం ముక్కే.

చనిపోయిన బిడ్డ గొంతు అందులో ఉండి ఉంటే, ఆ తల్లి ముందు దాన్ని కొట్టిపారేయడమే కాకుండా, తీసుకెళ్ళి ఎండలో పెట్టాను. ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. కుర్చీ జరిపి, "కూర్చో. ఇప్పుడు బొమ్మ గియ్యి," అన్నారు. ఆ పూటంతా గీశాను. ఏడు చిప్పులు, వాటి మధ్య దారులు, ప్రతి చిన్న భాగం మీదా ఉన్న అంకెలు. గీస్తుంటే ఒక సంగతి నాకే కనబడింది. ఈ కార్డుకి సొంతంగా ఆలోచించే చిప్పు ఉంది. శబ్దం బయటికి వెళ్ళే దారి ఒక్కటే ఉంది, సంగీతం కార్డులకి మామూలుగా ఉండే కుడిఎడమల రెండు దారులు లేవు. "రాశావా?" అన్నారు అంకుల్. "రాశాను. కానీ అంతమాత్రాన ఇది మాట్లాడే కార్డని చెప్పలేం," అన్నాను. ఆయన కళ్ళజోడు మీదుగా నా వైపు చూసి, ఫ్లాస్కులోని టీ సగం నా కప్పులో పోశారు.

మర్నాడు ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళ గ్యారేజీలో ఆ చిప్పుని చదివాం. దాన్ని ఊడదీసి, లాప్‌టాప్‌కి తగిలించిన ఒక చిన్న పరికరంలో గుచ్చారు. తెర మీద వరసలు వరసలుగా ఒకే గుర్తు వచ్చింది. ఖాళీగా ఉన్నచోట వచ్చే గుర్తది. కిందికి జరుపుతున్నాను, అదే. ఇంకా కిందికి, అదే. "అంకుల్, పోయింది," అన్నాను. "చివరిదాకా చూశావా?" అన్నారాయన. ఇంకాస్త జరిపాను. హఠాత్తుగా తెర నిండా అక్షరాలు. అక్షరక్రమంలో ఇంగ్లీషు మాటలు, ప్రతి మాట పక్కనా అది ఎలా పలకాలో. నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. తలుపు దగ్గర టీ పట్టుకుని నిలబడ్డ రూత్ ఆంటీ, "ఏంటమ్మా, లాటరీ తగిలిందా?" అంది. "రీడింగ్‌లో ఎండెక్కడ కాసింది గనక పోవడానికి!" అన్నారు అంకుల్. కానీ ఆయన చేయి గుండె మీద ఉండటం నేను చూశాను.

ఇంగ్లీషులో కొన్ని మాటలు రాసినట్టు పలకరు. అలాంటివాటిని యంత్రం తప్పుగా చదవకుండా పెట్టిన జాబితా అది. అంటే రాసినదాన్ని పైకి చదివే కార్డే. జాబితా అయిపోయాక, వరసలో లేకుండా, ఎవరో తర్వాత చేర్చినట్టు ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి మా ఊరి పేరు. మనం రీడింగ్ అని రాసుకుంటాం గాని ఇక్కడివాళ్ళు రెడింగ్ అంటారు. రెండోది బి, ఇ, ఎ, యు అనే నాలుగు అక్షరాలు, దాని పక్కన "బో" అని పలకమని సూచన. ఫ్రెంచి పేరు కావచ్చనుకున్నాం. ఇంకేమైనా కావచ్చు కూడా.

నేను వెంటనే ఫోన్ తీశాను. అంకుల్ ఆపారు. "మాట్లాడే కార్డని తెలిసింది. కోలిన్‌దని తెలియలేదు. నువ్వు ముందుగా ఆ పేరు చెప్పావనుకో, ఆశ కొద్దీ ఆమె అవునంటది. ఆమె నోటితో రావాలమ్మా."

క్షమాపణతో మొదలుపెట్టాను. "మార్గరెట్, నేను సరిగ్గా చూడకుండానే మీకు చెప్పాను. తప్పు నాది. కార్డు నా దగ్గరే ఉంది, పారేయలేదు," అన్నాను. ఆ తర్వాత అడిగాను, కోలిన్ కంప్యూటర్ సరిగ్గా పలకలేకపోయిన మాటలేవైనా గుర్తున్నాయా అని. నేను ఎదురుచూడనిది వినబడింది. ఆమె నవ్వుతోంది. "కుక్క పేరు! మా కుక్క పేరు బో. ఆ కంప్యూటర్ దాన్ని 'బీయూ, బీయూ' అని పిలిచేది. కుక్క వచ్చేది కాదు. కోలిన్‌కి ఎంత కోపమో! చివరికి ఆ యంత్రం అమర్చిన మనిషే వచ్చి ఏదో మార్చి వెళ్ళాడు." ఆ పేరు ఎలా రాస్తారని అడిగాను. ఆమె ఒక్కో అక్షరమే చెప్పింది. బి. ఇ. ఎ. యు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత మూడో శనివారానికి అంకుల్ ఎక్కడినుంచో అలాంటి కార్డు పట్టే పాత కంప్యూటర్ సంపాదించారు. ఊడదీసిన చిప్పుని తిరిగి అమర్చి, కార్డు బిగించి, ఒక స్పీకర్ తగిలించి, స్విచ్చి దగ్గర మార్గరెట్‌ని కూర్చోబెట్టారు. "పని చేస్తుందో లేదో తెలియదు," అని ఆమెకి ముందే చెప్పారు. ఆమె స్విచ్చి వేసింది. స్పీకర్లో టప్‌మని శబ్దం, కొంచెంసేపు బుసబుస. ఆ తర్వాత ముక్కుతో మాట్లాడుతున్నట్టు, ఎత్తుపల్లాలు లేని ఒక మగగొంతు అంది: "రెడీ."

ఆ ఒక్క మాటే. కార్డుకి కరెంటు అందగానే తనంతట తను చెప్పే మాటది. మార్గరెట్ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. "రోజూ పొద్దున మా ఇంట్లో వినబడే మొదటి మాట అదే," అంది. "నేను వంటగదిలో ఉండేదాన్ని. అది వినబడితే వాడు లేచాడని అర్థం."

అంకుల్ కీబోర్డు ఆమె వైపు జరిపి, టైపు చేస్తే మాట్లాడేలా చేయడానికి ప్రయత్నించవచ్చని, ఆమె కోరితే కుక్క పేరే పలికించవచ్చని చెప్పారు. నాకైతే అది వినాలని ఎంతో ఆశగా ఉంది. మార్గరెట్ కీబోర్డు వైపు కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఈ గొంతు వాడిది. వాడు అననివి దీనితో అనిపించను," అంది. తర్వాత మొహమాటంగా, "ఇంకోసారి ఆపి వెయ్యనా?" అని అడిగింది. ఎన్నిసార్లయినా వెయ్యమన్నారు అంకుల్. మూడుసార్లు వేసింది. మూడుసార్లూ మేం ముగ్గురం ఊపిరి బిగబట్టే విన్నాం. పక్క బల్ల దగ్గర టోస్టర్ బాగుచేస్తున్నాయన కూడా పని ఆపి నిలబడ్డాడు. ఆ కంప్యూటర్ని ఎలా వాడాలో కాగితం మీద రాసిచ్చి, అంకుల్ స్వయంగా కారులో వాళ్ళింటికి చేర్చారు.

రెండేళ్ళ కిందట అంకుల్‌కి జబ్బు చేసింది. చివరి వారాల్లో నేను పని అయ్యాక ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. వచ్చినవాళ్ళందరూ ఆయనతో ఒకటే అనేవారు, "మీకేం అంకుల్, నెలలో లేచి తిరుగుతారు" అని. ప్రేమతోనే అనేవారు. ఆయన తల ఊపేవారు. ఒక సాయంత్రం రూత్ ఆంటీ కిందికి వెళ్ళినప్పుడు ఆయన నా వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా. ఎట్టున్నాను?" అన్నారు. నా నోటిదాకా వచ్చింది, అందరూ అన్న మాటే. ఆపుకున్నాను. ఆయన్ని తేరిపార చూశాను. అలా చూడటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. "ఏమవుతుందో నాకు తెలియదంకుల్," అన్నాను. "నిన్నటికన్నా మొహం సన్నబడింది. టీ సగం తాగారు, నిన్న అదీ తాగలేదు. చేయి చల్లగా ఉంది. ఇందాక ఆంటీ దుప్పటి సర్దుతుంటే నవ్వారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. నొప్పించానేమోనని భయపడ్డాను. కాసేపటికి నా చేతిని మెల్లగా నొక్కి, "హమ్మయ్య," అన్నారు. "ఇప్పటికి ఒక్కరు నన్ను చూశారు."

తొమ్మిది రోజుల తర్వాత ఆయన పోయారు. నేను ఇప్పటికీ అదే పని చేస్తున్నాను, మీటింగుల్లో ఇప్పటికీ నా ఉచ్చారణ విని ఎవరో ఒకరు "ఏమన్నారు?" అంటారు. మళ్ళీ చెబుతాను, నెమ్మదిగా. తెలియనప్పుడు తెలియదని చెబుతాను. కానీ ఆయన నాకిచ్చింది ఆఫీసుకి పనికొచ్చేదని అనుకోను. ఎవరైనా కష్టంలో ఉండి నా ఎదుట కూర్చుంటే, వాళ్ళకి ఏదో ఒక మాట అందించాలన్న తొందర నాలో ఇంకా లేస్తుంది. అది లేచినప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ మనిషి ముఖంలోకి చూస్తాను. వాళ్ళు ఏం తిన్నారో, చేతులు ఏం చేస్తున్నాయో, ఏ మాట దగ్గర ఆగారో చూస్తాను. చూడటం అయ్యాక చెప్పడానికి నా దగ్గర చాలా కొంచెమే మిగులుతుంది. ఆ కొంచెమే చెబుతాను.